చిటికెడుప్పు, పిడికెడు బెల్లము

కోస్తా జిల్లాలలో వాంతిభేది యనియు, తెలంగాణమున గత్తర యనియు జనులు పిలుచు వ్యాధి ఒకప్పుడు ఊరిలో అడుగుపెట్టినచో ఊరికి ఊరే లేచి పొలములలో గుడిసెలు వేసికొనుచుండెడిదని మా పెద్దలు చెప్పగా వింటిమి. ఉదయమున కాడి కట్టిన మనిషి ప్రొద్దు క్రుంకునాటికి కాటికి చేరుట ఆ దినములలో వింత కాదు. అమ్మవారికి కుంభము పోసితిమి; పొలిమేరను పొట్టేలును కొట్టితిమి; గుమ్మములకు వేపమండలు కట్టితిమి. అన్నియు చేసి, రోగి దాహము దాహమని యలమటించుచుండగా మాత్రము, నీరిచ్చినచో విరేచనములు హెచ్చునని గ్రుక్కెడు నీరు పోయకుంటిమి. మనలను మనము నిందించుకొనుటకు ఈ మాట యెత్తుట లేదు. వంగదేశపు పల్లెలలోను ఇట్టి యాచారమే యుండెను. ఆ యాచారమును ఇల్లిల్లు తిరిగి మాన్పించిన కొందరు మనుష్యుల కథ చెప్పుటకే యీ ప్రస్తావము.

ఈ వ్యాధిలో రోగిని చంపునది ఒడలిలోని నీరును ఉప్పును కారిపోవుట. పోయిన దానిని మరల చేర్చినచో మనిషి బ్రతుకును. చిరకాలము దీనికి నరములోనికి సూది ద్వారా ఉప్పునీరెక్కించుటయే మార్గముగా నుండెను. సూది కావలెను, శుద్ధజలము కావలెను, ఎక్కించువాడు కావలెను. ఈ మూడును లేని చోటనే గదా వ్యాధి ప్రబలుట! 1968వ సంవత్సరమున ఢాకా నగరమందలి కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అను ఇరువురు యువ వైద్యులు, ఉప్పుతోపాటు తగు పాళ్ళలో చక్కెర కలిపిన నీటిని నోటితో త్రాగించి కలరా రోగులను కోలుకొనునట్లు చేయవచ్చునని నిరూపించిరి. ప్రేగు ఎంత చెడియున్నను చక్కెరను పీల్చుకొను శక్తి దానికి మిగిలియుండును. చక్కెర తనతోపాటు ఉప్పును, ఉప్పు తనతోపాటు నీటిని లోనికి తీసికొనిపోవును. ఇంతే రహస్యము.

1971లో తూర్పు వంగమున యుద్ధము చెలరేగి, లక్షలకొలది కాందిశీకులు మన పశ్చిమ వంగములోనికి వచ్చిపడిరి. సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లో డాక్టరు దిలీప్ మహలనబీస్ వైద్యశాలయందు కలరా రోగులు నేలమీద వరుసలుగా పడియుండిరి. సెలైను అడుగంటినది. ఆయన ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొట్లములు చేయించి, పీపాలలో నీరు కలిపించి, రోగుల బంధువులకే మగ్గులిచ్చి త్రాగింపుడనెను. వైద్యశాస్త్రమునకు ఇది అపచారముగా తోచిన దినములవి. కాని ఇతర శిబిరములలో 100 మందికి 20, 30 మంది మరణించుచుండగా, ఆయన చేతిక్రింద మరణించినవారు 100కి నలుగురి కంటె తక్కువ. రేడియో శ్రోతలకు ప్రీతికరమగు విషయము మరియొకటి యిందు కలదు. ఈ ద్రావణమును కలుపు విధానమును రహస్యముగా నడుచుచుండిన బంగ్లాదేశ్ రేడియో కేంద్రమొకటి ప్రసారము చేసినది. యుద్ధవార్తల నడుమ ఉప్పు పాలెంత, చక్కెర పాలెంత యని వినవచ్చిన ఆ ప్రసారమును తలచుకొనినప్పుడెల్ల మాకు ముచ్చట కలుగును.

అయినను రేడియో చెప్పినంతమాత్రమున తల్లి తన ఆచారమును మానునా? పొట్లములు లేని యింట, గ్లూకోజు పేరు తెలియని తల్లికి ఈ విద్యను నేర్పునదెవరు? దేశము క్రొత్తది, ఖజానా శూన్యము. ఆ పనికి పూనుకొన్నది బ్రాక్ అను సంస్థ. పిమ్మట అది ప్రపంచమున మిక్కిలి పెద్దవగు స్వచ్ఛంద సంస్థలలో ఒకటియై, ఆసియా, ఆఫ్రికా ఖండములలో పలు దేశములకు వ్యాపించినది. ఆ విస్తారమును గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. మాకు ఆసక్తి కలిగించునది ఆ సంస్థ జీతపు పట్టీలోని మనుష్యులు.

మొదటివాడు ఫజ్లే హసన్ ఆబేద్. 1936 ఏప్రిల్ 27న సిల్హెట్ ప్రాంతమందలి బనియాచంగ్‌లో కలవారి యింట జన్మించెను. గ్లాస్గో నగరమునకు పోయి నౌకానిర్మాణ శాస్త్రము చదువబోయి, తన దేశమున అట్టి నౌకలు కట్టువారెవరును లేరని గ్రహించి, దానిని విడిచి లండనులో గణకశాస్త్రము నభ్యసించెను. ఈ లెక్కల చదువు తరువాత మిక్కిలి యక్కరకు వచ్చినదని మా యభిప్రాయము. దయగల మనస్సులు పెక్కు కలవు గాని, దయకు పద్దు వ్రాయనేర్చినవారు అరుదు. స్వదేశమునకు వచ్చి చిట్టగాంగులో షెల్ చమురు కంపెనీయందు పెద్ద యుద్యోగములో నుండగా, 1970 నవంబరు 12 రాత్రి ఉప్పెన వచ్చినది. సముద్రతీరపు దీవులలో లక్షలమంది కొట్టుకొనిపోయిరి. ఉప్పెన యనగా నేమో దివిసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆబేద్ మిత్రులతో కూడి మన్‌పురా దీవికి బియ్యము, బట్టలు తీసికొనిపోయెను. ఆ శవముల నడుమ నిలిచినప్పుడు తన యుద్యోగమును, తన జీవితమును అర్థరహితములుగా తోచినవని ఆయన పిమ్మట చెప్పుకొనెను.

మరుసటి సంవత్సరము యుద్ధము. ఆయన లండనుకు చేరి బంగ్లాదేశ్ పక్షమున ప్రచారము, చందాల వసూలు చేసెను. యుద్ధము ముగిసి 1972లో తిరిగి వచ్చునప్పుడు లండనులో తనకున్న యింటిని 6,800 పౌనులకు అమ్మి, ఆ సొమ్ముతో పని ప్రారంభించెను. ఎన్నుకొన్న స్థలము సుల్లా. ఈశాన్యమున, సంవత్సరములో సగము కాలము నీట మునిగియుండు లోతట్టు ప్రదేశము. అచ్చటి జాలరులును రైతులును భారతదేశపు శిబిరములనుండి తిరిగి వచ్చుసరికి ఇండ్లు బూడిద, పడవలు లేవు, వలలు లేవు. తోడుగా నిలిచినవారిలో న్యాయవాది వికారుల్ ఇస్లామ్ చౌధురి యుండెను. సంస్థకు మొదటి అధ్యక్షురాలు కవయిత్రి బేగమ్ సూఫియా కమాల్. లెక్కలవాడును కవయిత్రియు నొక బల్లకు చెరి యొక ప్రక్క కూర్చుండిన సంస్థ యిది.

తాత్కాలిక సహాయమే లక్ష్యమని పెట్టుకొన్న పేరు "బంగ్లాదేశ్ పునరావాస సహాయక సంఘము". రెండు మూడేండ్లలో తన పని ముగియునని ఆబేద్ తలంచెను. వేలకొలది ఇండ్లు లేచినవి, వందలకొలది పడవలు నీట దిగినవి. ఇండ్లు నిలిచినను దారిద్ర్యము కదలలేదు. వయోజనులకు రాత్రి పాఠశాలలు పెట్టగా, జనులు వచ్చినట్లే వచ్చి మానుకొనిరి. అక్షరము వారి ఆకలికి ఏమి సంబంధమో చెప్పలేని పాఠములను వారు వినలేదు. ఇట్టి వైఫల్యమును కప్పిపుచ్చి నివేదికలు వ్రాయు సంస్థలు లోకమున కొల్లలు. వీరు పాఠములనే తిరిగి వ్రాసిరి. 1975లోనే తమ పనిని తామే పరీక్షించుకొనుటకు ఒక పరిశోధన శాఖను పెట్టుకొనిరి. 1980 ప్రాంతమున తమ క్షేత్ర సిబ్బంది చేతనే పది గ్రామములను శోధింపజేసి "వల" యను నర్థమునిచ్చు పేరుతో ఒక చిన్న గ్రంథమును ప్రకటించిరి. పేదలకని వచ్చిన బియ్యము, గోధుమలు, భూమి ఊరి పెద్దల చేతులలో నెట్లు చిక్కుకొనిపోవునో అందు విశదముగా నున్నది. గ్రామమంతయు ఒక కుటుంబమను తీయని మాట అంతటితో వారికి చెల్లిపోయినది. సంస్థ పేరు అప్పటికే "గ్రామీణాభ్యుదయ సంఘము"గా మారియుండెను.

ఆ దశాబ్దమున సంస్థలోనికి స్త్రీలు వచ్చిరి. ఆబేద్ భార్య ఆయేషా, బాల్యము భారతదేశమున గడపిన అమెరికను వనిత మార్తా చెన్, ఇంకను పేరు తెలియని పలువురు యువతులు. మానిక్‌గంజ్ జిల్లాలో పట్టుపురుగుల పెంపకము, కుట్టుపని నేర్పుచు పల్లె స్త్రీలను సంఘములుగా కూర్చిరి. చేసిన వస్త్రములను పట్టణపు వర్తకులు పుచ్చుకొని, అమ్ముడైన పిమ్మట నెలలకు గాని డబ్బు ఇయ్యకుండుట చూచి, 1978లో ఆరంగ్ అను దుకాణమును తామే తెరచి, సరకు అందిన నాడే సొమ్ము చెల్లింపసాగిరి. మన చేనేతవారికి ఈ బాధ యెంతటిదో తెలియును. 1981లో ఆయేషా ప్రసవ సమయమున మరణించెను. తల్లుల కొరకు పనిచేయు సంస్థ, తనదైన తల్లి నొకతెను ఇట్లు పోగొట్టుకొన్నది.

అప్పటికే పెద్ద పని మొదలైయుండెను. 1979 అంతర్జాతీయ శిశు సంవత్సరము. పిల్లలకు మిక్కిలి మేలు చేయునదేదియని యోచించి, అతిసార మరణములను తగ్గించుటకు పూనుకొనిరి. పొట్లములను కొని పంచుటకు దేశమున శక్తి లేదు. ప్రతి యింట నుండునదేమి? ఉప్పు, బెల్లము. వారి భాషలో లొబొన్, గుడ్. అనగా మన లవణమును గుడమునే. మూడు వ్రేళ్ళతో పట్టిన చిటికెడుప్పు, ఒక పిడికెడు బెల్లము, అరసేరు నీరు. కొలత తల్లి చేతిలోనే యున్నది. సుల్లాలో ముందుగా పరీక్షించి, 1980 జూలైలో దేశమంతటికిని బయలుదేరిరి.

బయలుదేరినవారు పల్లెటూళ్ళ నుండియే తీసికొనిన, కొలదిపాటి చదువుకొన్న యువతులు. పరదా మిక్కుటముగా గల ప్రదేశమున ఆడపిల్లలు సంచి భుజమునకు వేసికొని పరగ్రామములలో బసచేసి తిరుగుట యెట్టి సాహసమో ఊహింపుడు. ప్రొద్దున్నే చేలగట్లమీదుగా నడచిపోయి, దినమునకు సుమారు పది యిండ్ల తల్లులకు నేర్పవలెను. ఇంటి ప్రాంగణమున చాపమీద కూర్చుండి, గుర్తుంచుకొనవలసిన పది మాటలను వరుసగా చెప్పి, మరల చెప్పించి, తల్లిచేతనే కలిపించి, ఆ యింటి పాత్రకే అరసేరు గుర్తు పెట్టించి రావలెను. తాను కలిపి చూపిన చాలదు, తల్లి కలుపవలెను. ఇందు ప్రమాదము లేకపోలేదు. ఉప్పు తగ్గినచో ఫలము తగ్గును, మితిమీరినచో పసివాని ప్రాణమునకే ముప్పు. కావున తల్లులు కలిపిన నీటిని సీసాలలో పట్టి పరీక్షించుచుండిరి.

జీతమిచ్చు పద్ధతి విచిత్రమైనది. దినములనుబట్టి గాని, తిరిగిన యిండ్లనుబట్టి గాని కూలి లేదు. ఒక నెల గడచిన పిమ్మట వేరొక పరీక్షకుడు, నేర్పిన యిండ్లలో కొన్నింటిని తనకు తోచినట్లు ఎన్నుకొనిపోయి తల్లులను ప్రశ్నించును. అన్నియు జ్ఞాపకముంచుకొని చక్కగా కలిపిన తల్లికి ఎక్కువ కూలి. సగము మరచిన తల్లికి తక్కువ. ఏమియు తెలియని తల్లికి సున్న. గురువు జీతము శిష్యురాలి జ్ఞాపకముమీద ఆధారపడియుండుట! మొదట ఇది మాకు కఠినముగా తోచినది. మన పాఠశాలలలో ఈ నియమము పెట్టినచో నేమగునో యని నవ్వుకొంటిమి గూడ. కాని ఆలోచించినకొలది ఇందు ఒక న్యాయము కనబడినది. మందమతియైన తల్లిని, ముసలిదానిని, ఊరి చివరి గుడిసెదానిని కార్యకర్త్రి దాటిపోకుండ, ఆమె యొద్దనే అరగంట యెక్కువ కూర్చుండునట్లు చేసినది ఆ కూలి లెక్కయే. లండనులో గణకశాస్త్రము చదివినవాని చేయి ఇచ్చట స్పష్టముగా కనబడును.

తల్లులు పాఠమును వప్పగించిరి. లెక్కలు బాగుగ నున్నవి. అప్పుడు సంస్థవారు మరియొక ప్రశ్న వేసికొనిరి: పిల్లవానికి జబ్బు చేసినప్పుడు నిజముగా ఎందరు ఈ నీటిని పోసిరి? వచ్చిన జవాబు గుండె జారజేయునది. పదింట ఒక వంతు గూడ కాదు. చూపవలసినవారికి మొదటి లెక్కనే చూపి ఊరకుండవచ్చును. పారితోషికములు గూడ వచ్చియుండును. వారు ఊరకుండక, ఇట్లేల జరిగినదో తెలిసికొనిరమ్మని పరిశోధకులను ఊళ్ళకు పంపిరి.

పరిశోధకులకు మొట్టమొదట దొరికిన దోషి తల్లి కాదు. కార్యకర్త్రులే. వారిలో పలువురు తమకు అతిసారము వచ్చినప్పుడు ఉప్పు బెల్లపు నీరు త్రాగక, మాత్రలు మ్రింగుచుండిరి. నోటితో పాఠము చెప్పుచున్నారే గాని మనస్సులో నమ్మిక లేదు. మాత్ర లేని వైద్యము వైద్యమా యను శంక. తల్లులు అమాయకులు కారు, చెప్పుదాని కంటిలోని శంకను ఇట్టే పట్టిరి. ఇంతకు ఆ పిల్లలను తప్పు పట్టుటకు వీలులేదు. ఎట్లు పనిచేయునో వారికి చెప్పినవారు లేరు. పది మాటలు కంఠస్థము చేయించి పంపిరి. అటుపై వారిని జట్లు జట్లుగా ఢాకాకు పిలిపించి, ప్రేగు, ఉప్పు, చక్కెర, నీరు వీని సంబంధమును విడమరచి చెప్పిరి. పల్లెటూరి పడుచులకు శరీరశాస్త్రమేల యనలేదు. తిరిగిపోయినవారి మాటలో బలము హెచ్చినది, వాడుక గూడ హెచ్చినది.

రెండవ లోపము పురుషులు. ఇంటి యజమానుని విడిచి భార్యకు మాత్రమే నేర్పుటచేత, ఆయనకు కోపమును అనుమానమును కలిగినవి. అటుపిమ్మట మగ కార్యకర్తలు సంతలలోను, మసీదులయొద్దను, పాఠశాలలలోను కూడినవారికి చెప్పసాగిరి. ఊరి నాటువైద్యులనుగూడ పిలిచి నేర్పిరి. రేడియో తన వంతు తాను చేసినది. 1990లో ఈ పని ముగియునప్పటికి కార్యకర్త్రులు చొచ్చిన యిండ్లు 1 కోటి 20 లక్షలకు పైబడినవి. పదేండ్లలో నొక దేశపు ఇండ్లన్నిటి తలుపులను ఇంచుమించుగా కాలినడకను తట్టుట చరిత్రలో అరుదైన సంగతి.

తరువాతి విస్తరణమును త్వరగా చెప్పి ముగింతుము. 1985లో 22 ఒంటిగది బడులు పెట్టిరి. ఉపాధ్యాయురాలు ఆ యూరి గృహిణియే, పిల్లలలో ఎక్కువమంది బాలికలు. అవి వేలకు వేలైనవి. క్షేత్ర సిబ్బందిలోని స్త్రీలు సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు ఎక్కగా నవ్వినవారు కలరు, రాళ్ళు రువ్వినవారు కలరు. 1990 దశకపు తొలి సంవత్సరములలో కొందరు ఛాందసులు బడులకు నిప్పు పెట్టిరి. 2002లో ఆఫ్ఘనిస్తానమునకు కాందిశీకులు తిరిగి వచ్చుచుండుట చూచి, ఆబేద్‌కు 1972 నాటి సుల్లా కనబడినది. ధనిక దేశపు నిపుణులను గాక, తన పల్లెలలో పనిచేసి యారితేరిన బంగ్లాదేశీయులను అచ్చటికి పంపెను. పేదదేశపు వారు పేదదేశమునకు పోయి నేర్పుట అప్పటికి క్రొత్త. అచ్చట వారిలో కొందరు అపహరణమునకు, హత్యకు గూడ గురియైరి. 2004 సునామీ పిమ్మట శ్రీలంకకు, 2006లో ఉగాండా, టాంజానియా దేశములకు పోయిరి. 2010 దశకమున సంస్థ సిబ్బంది సుమారు లక్షమంది.

ఇంత పెద్దదైన దానిలో దోషములుండవా? ఉన్నవి. పేద స్త్రీలకు చిన్న యప్పులిచ్చి వారము వారము వసూలు చేయు పద్ధతిని ఈ సంస్థయు విస్తారముగా నడపినది. ఆ పద్ధతి ఎక్కడికి దారితీయగలదో మన ఆంధ్రప్రదేశమున 2010లో చూచితిమి. అప్పుల యొత్తిడికి కుటుంబములు కూలుచుండగా ఆ యక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. అందు ఈ సంస్థకు ప్రమేయము లేదు. అయినను, తల్లికి నేర్పుటకు ఇంటికి వచ్చిన పడుచునకును, వాయిదా కొరకు వచ్చిన ఉద్యోగికిని గుమ్మము నొక్కటేయని మరువరాదు. మేము మెచ్చునది మొదటి రాకనే.

సిబ్బంది ఆయనను "సర్" అని గాక "ఆబేద్ భాయి" యని పిలుచుచుండిరి. 2010లో బ్రిటిషు ప్రభుత్వము సర్ బిరుదమిచ్చినను ఆ పిలుపు మారలేదు. 2019లో తనకు మెదడున వ్రణము కలదని తెలియగా, బాధ్యతలను ఇతరులకు ఒప్పగించి, ఆ డిసెంబరు 20న ఢాకాలో కన్నుమూసెను.

నేడు బంగ్లాదేశమున అతిసారము వచ్చిన పసిబిడ్డలలో నాలుగింట మూడు వంతులమందికి ఉప్పు చక్కెరల నీరు అందుచున్నది. అది ఎక్కువగా దుకాణములో చౌకగా దొరకు పొట్లము. చిటికెడుప్పు, పిడికెడు బెల్లము కలుపు తల్లులు తగ్గిపోయిరి. 1980లో ఇరువదేండ్ల పడుచులై చేలగట్లమీద నడచిన కార్యకర్త్రులు ఇప్పుడు అరువది దాటిన అవ్వలు. వారు నేర్పిన తల్లుల మనుమరాండ్రు పొట్లము చింపి అరలీటరు నీటిలో పోయుచున్నారు.